దాహం తీరని ముసలమ్మ

ఆ రోజుల్లో ఎవరైనా ఏదైనా చూపించి "ఎలా ఉంది?" అని అడిగితే, "చాలా బాగుంది" అనడం ఒక్కటే మర్యాద అని నమ్మేదాన్ని. చీర చూపించినా అంతే, కొత్తగా చేసిన పులుసు రుచి చూపించినా అంతే. నిజంగా బాగుంటే "చాలా చాలా బాగుంది" అనేదాన్ని. అంతకంటే తేడా ఉండేది కాదు. మొన్న ఆదివారం మీ ఇద్దరూ బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో ఒకరి గేమ్‌ని ఒకరు తిట్టుకుంటుంటే నాకు ఆ రోజులే గుర్తొచ్చాయి. "నీ గేమ్ చెత్త" అని చిన్నీ, "నీదే పరమ బోర్" అని బంటీ. ఏం బాగాలేదురా అని అడిగితే ఇద్దరూ మళ్లీ అవే మాటలు. మిమ్మల్ని అనడానికి నాకేం హక్కుంది? మీరు అన్నీ చెత్త అంటున్నారు, నేను అన్నీ బాగున్నాయనేదాన్ని. రెండూ ఒకటే సోమరితనం. నవ్వకండి, ఇలాంటి ఆటల గురించి చెప్పినందుకే మీ అమ్మమ్మకి ఒకప్పుడు జీతమిచ్చారు. ఆ ఉద్యోగం దాదాపు ఊడగొట్టారు కూడా.

అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. మీ తాతయ్య సైన్యంలో హవల్దారు, ఢిల్లీ కంటోన్మెంట్‌లో రెండు గదుల క్వార్టరు. మీ అమ్మ నాలుగో క్లాసు. టైపు నేర్చుకున్న సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పదేళ్లు మూలిగాక, జనక్‌పురిలో ఒక ఇంటి బేస్‌మెంటులో నడుస్తున్న చిన్న కంపెనీలో టైపిస్టుగా చేరాను. మూడు నెలలు చూసి పనికొస్తే ఉంచుకుంటామన్నారు. వాళ్లు తయారుచేసేది కంప్యూటర్ గేమ్. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారుగా, మనమే ఒక వీరుడిలా మారి ఊళ్లు తిరుగుతూ, కనిపించినవాళ్లతో మాట్లాడుతూ, చివరికి రాక్షసుణ్ని చంపాలి. నాకు అందులో ఓనమాలు తెలియవు. కానీ పొద్దున్నే చీర కుచ్చిళ్లు సర్దుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కుతుంటే, పెళ్లయ్యాక మొదటిసారి నాకంటూ వెళ్లాల్సిన చోటు ఒకటుందనిపించేది. ఆ ఉద్యోగం ఎలాగైనా నిలవాలని హనుమంతుడికి మంగళవారాలు మొక్కుకున్నాను. (ఆయనకు గేమ్‌ల గురించి తెలుసో లేదో ఆలోచించలేదు.)

ఆఫీసులో పెద్ద ఒక పంజాబీ మేడమ్. మనసు మంచిదే, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. గేమ్ కథంతా అల్లింది ఒక పెద్దమనిషి. ఆయనకు ఛాతీదాకా గడ్డం, అందరూ గడ్డం భయ్యా అనేవాళ్లు. రోజూ మధ్యాహ్నం వాళ్లావిడ చేసిన ముల్లంగి పరాఠా సగం తుంచి నా డబ్బా మూతలో పెట్టేవాడు. మూడో నెల చివరి వారంలో మేడమ్ నన్ను పిలిచి, "భాభీజీ, మన గేమ్‌కి పోటీగా ఇంకో కంపెనీ గేమ్ వచ్చింది. మావాళ్లు ఆడితే కళ్లు మూసుకుని ఆడేస్తారు. ఎప్పుడూ ఆడనివాళ్లు కావాలి. మీరు రెండూ ఆడి, ఏది ఎక్కడ బాగుందో, ఎక్కడ బాగాలేదో రాసివ్వండి. శుక్రవారం మీ ఉద్యోగం సంగతి కూడా తేల్చేద్దాం" అంది.

రెండు రోజులు ఆడాను. మిగతావాళ్లు మధ్యాహ్నం భోజనానికల్లా రాక్షసుణ్ని చంపేసి చేతులు కడుక్కుంటే, నేను మాత్రం మొదటి ఊరు దాటలేదు. మన గేమ్‌లో ఊరి మొదట్లో బావి దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉంటుంది. "బేటా, ప్యాస్ లగీ హై, కాసిని నీళ్లివ్వు" అంటుంది. పెద్దావిడ దాహమని అడుగుతుంటే రాక్షసుడి మీదకి ఎలా పోతాం? తెచ్చిచ్చాను. తాగింది. మళ్లీ పలకరిస్తే "బేటా, ప్యాస్ లగీ హై." పాపం ఎండాకాలమేమో అనుకుని మళ్లీ తెచ్చాను. రెండో గేమ్‌లో ఇంకో చిక్కు. ముందుకు పోవాలంటే తాళంచెవి కావాలి, అది ఎవరింట్లోనో కుండలో ఉందట. ఇంటివాళ్లు చూస్తుండగా లోపలికి పోయి కుండ పగలగొట్టాలట! నేను వాకిట్లో నిలబడి ఎవరైనా రమ్మంటారేమోనని అరగంట చూశాను. (ఎవరూ అనలేదు. ఆ ఊళ్లో మర్యాద తక్కువ.)

రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి నా పాత బుద్ధి పైకొచ్చింది. ఒకవైపు గడ్డం భయ్యా పరాఠా, ఇంకోవైపు ముక్కూమొహం తెలియని ఎవరిదో కష్టం. "రెండు ఆటలూ చాలా బాగున్నాయి. ఎంతో శ్రమపడి చేశారు. ఇద్దరికీ నా అభినందనలు" అని రాసి, దీనికి పదికి తొమ్మిది, దానికి పదికి తొమ్మిది వేశాను. మేడమ్ చదివి, కాగితం వెనక్కి తిప్పి, ఇంకేమైనా ఉందా అని చూసింది.

"ఇది రిపోర్టా, శుభలేఖా?"

"నిజంగానే రెండూ బాగున్నాయి మేడమ్."

"అచ్ఛా. అయితే ఇది చదివి గడ్డం భయ్యా రేపు పొద్దున ఏం మార్చాలి?"

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను. "రేపు సాయంత్రానికి ఇంకోటి రాసివ్వండి. అదీ ఇలాగే ఉంటే, సారీ భాభీజీ, మూడు నెలలతో సరి అనుకుందాం" అంది.

ఆ సాయంత్రం చపాతీలు ఒత్తుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ తాతయ్య బూట్లకి పాలిష్ పెడుతూ ఏమైందని అడిగారు. అంతే, ఎక్కడినుంచి వచ్చిందో రోషం. "పదకొండుసార్లండీ! లెక్కపెట్టాను. పదకొండుసార్లు బిందెడు నీళ్లు మోసి ఇచ్చాను. ఒక్కసారైనా తాగానమ్మా అనదు. నన్నెప్పుడూ చూడనట్టే మళ్లీ అదే మాట. ఆ రెండో గేమ్‌లో ఒక తాతకి తప్పిపోయిన మేకని వెతికి తెచ్చిస్తే, ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా నీ పుణ్యమా అని మేక పాలు ఇస్తోందమ్మా అంటాడు. మళ్లీ ఆ తాతని పలకరించాలనిపిస్తుంది. కానీ ఆ ఊళ్లో దారి తెలీదు, అక్షరాలు చీమల్లా ఉంటాయి. మనదాంట్లో చెరువు దగ్గర సాయంత్రం ఎంత బాగుంటుందో, అక్కడే కూర్చోబుద్ధేస్తుంది. కానీ ఆ ముసలమ్మ..."

తాతయ్య బ్రష్షు పక్కన పెట్టారు. "మరి ఇదే రాయొచ్చు కదే?"

"గడ్డం భయ్యా నొచ్చుకుంటాడండీ. రోజూ పరాఠా పెడతాడు."

"పచ్చళ్ల పోటీ మర్చిపోయావా?" అన్నారు. నేను మర్చిపోయినా ఆయన మర్చిపోరు. యూనిట్‌లో ఆడవాళ్ల పచ్చళ్ల పోటీకి ఒకసారి నన్ను జడ్జీగా కూర్చోబెట్టారు. సుబేదారుగారి భార్య పెట్టిన నిమ్మకాయ పచ్చడి చేదు విషం. ఆయనేమో మీ తాతయ్యకు పై అధికారి. నేను కళ్లు మూసుకుని, "ఇలాంటి పచ్చడి నా జన్మలో తినలేదు" అన్నాను. (అబద్ధం కూడా కాదు.) ఆవిడ అంత మురిసిపోయి, అప్పటినుంచీ నెలకో సీసా మా ఇంటికి పంపేది. "నువ్వు బాగుందన్నావ్. రెండేళ్లుగా తింటున్నది ఎవరు? నేను!" అన్నారు తాతయ్య. "ఆవిడకి ఆ రోజే కాయలు ఇంకొన్నాళ్లు ఊరనివ్వండి వదినగారూ అని ఉంటే, ఆవిడా బాగుపడేది, నా నాలుకా బాగుపడేది."

పొద్దున్నే వెళ్లి, చపాతీ పీట ముందు అన్నదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో వరసగా రాశాను. ఎక్కడున్నాను, ఏం చేశాను, ఏం జరుగుతుందనుకున్నాను, ఏం జరిగింది. మేడమ్ ఊరుకుంటుందా, గడ్డం భయ్యాని పిలిచి ఆయన ఎదుటే పైకి చదవమంది. నా గొంతు ముసలమ్మ దగ్గరికొచ్చేసరికి బావిలోంచి వస్తున్నట్టు వచ్చింది. పదకొండుసార్లు అన్న చోట ఎవరో కిసుక్కున నవ్వారు. గడ్డం భయ్యా నవ్వలేదు. గడ్డం రెండు చేతులా పట్టుకుని లేచి బయటకి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నిలిచినా పరాఠా పోయిందనుకున్నాను. కాదు, ఒక మంచి మనిషి మనసు విరిచేశాననుకున్నాను.

పావుగంటకి తిరిగొచ్చాడు, చేతిలో కాగితం, పెన్ను. నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"భాభీజీ, ఆవిడకి నేను ఒక్క మాటే రాశాను. రాక్షసుడి దగ్గరికి పరిగెత్తే తొందరలో ఎవరూ రెండోసారి పలకరించరనుకున్నా. ఇన్ని నెలల్లో ఆవిడ దగ్గర ఆగింది మీరొక్కరే." పెన్ను మూత తీశాడు. "చెప్పండి, నీళ్లు తాగాక ఆవిడ ఏమనాలి?"

మా ఊళ్లో అయితే "నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ" అంటారని చెప్పాను. దాన్ని ఆయన హిందీలో ఎలా తిప్పాడో గానీ, తర్వాత ఆడినప్పుడు ఆ ముసలమ్మ దీవిస్తే నాకు నిజంగానే కడుపు చల్లబడింది. మేడమ్ నా రిపోర్టు మీద "ఇదీ రిపోర్టంటే" అని రాసి, సోమవారం నుంచి టైపింగ్‌తో పాటు ఆటలు కూడా చూడమంది. మధ్యాహ్నం డబ్బా మూతలో పరాఠా సగం కాదు, మొత్తం పడింది. ఇంటికొచ్చాక మీ తాతయ్య వంటింట్లో ఉన్న నిమ్మకాయ సీసా తీసి, "ఇక ఇది కూడా తేల్చెయ్" అన్నారు. వెళ్లి సుబేదారుగారి భార్యకి, కాయలు ఇంకొన్నాళ్లు ఊరాలని చెప్పొచ్చాను. ఆవిడ రెండు వారాలు మాట్లాడలేదు. ఆ తర్వాత పంపిన సీసా మాత్రం మూడు రోజుల్లో ఖాళీ అయింది.

మొన్న ఇదంతా మీకు ఫోన్లో పైపైన చెప్పి, చూశారా మీ అమ్మమ్మ గొప్ప అని కళ్లజోడు సర్దుకుంటుంటే, చిన్నీ ఏమందో గుర్తుందా? "అమ్మమ్మా, నువ్వే ఆ బావి దగ్గర బుఢియావి, ఆ ముసలమ్మవి. ఎప్పుడు ఫోన్ చేసినా తిన్నారా అంటావు. తిన్నాం అంటాం. మళ్లీ తిన్నారా అంటావు. ఇవాళే నాలుగుసార్లు." వెనకనుంచి బంటీ, "ఐదు!" మీ అమ్మ అలా అనకూడదని కసిరింది. నాకూ ఒక్క క్షణం చివుక్కుమంది. కానీ గడ్డం భయ్యా ముఖం గుర్తొచ్చి, దగ్గర పెన్నుందేమోనని వెతుక్కుని, "మరేం అడగమంటావే?" అన్నాను. "పోయినసారి నా ఫ్రెండ్‌తో గొడవైందని చెప్పా కదా. అదేమైందో అడుగు. నీకు గుర్తుంటే చాలు" అంది చిన్నీ.

ఢిల్లీ ద్వారకాలో ఈ ఫ్లాటు గోడకి, ఫోన్ పెట్టుకునే చోట, ఇప్పుడొక కాగితం అంటించి ఉంది. "చిన్నీ: ఫ్రెండ్‌తో మాటలు కలిశాయా? బంటీ: ఊడిన పన్ను ఎక్కడ దాచాడు?" దాన్ని చూసి మీ తాతయ్య నవ్వుతున్నారు. నవ్వనీండి. ఒకప్పుడు దాహం తీర్చాలని పదకొండుసార్లు బావికి తిరిగిన ఆ పిల్ల, బావి పక్కన తనే ఎప్పుడు కూర్చుందో గమనించుకోలేదు. ఈ ఆదివారం కాగితం చూసే అడుగుతాను. తిన్నారా అని కూడా అడుగుతాను, కానీ ఒక్కసారే. మహా అయితే రెండుసార్లు.