డెమో క్లాసుల పండితుడు

పంజగుట్టలో ఒక మేడ మీద, ఏసీ గదిలో, చేతికి రాబోయిన ఉద్యోగాన్ని నా నోటితో నేనే తరిమేసిన వైనం చెబుతాను. తరిమేస్తున్నప్పుడు నాకా సంగతి తెలియదు. పైగా చప్పట్లు కొడతారేమోనని కాసేపు ఆగాను కూడా.

అప్పట్లో అమీర్‌పేటలో నడవాలంటే కాళ్లకన్నా చేతులకే పని ఎక్కువ. అడుగడుక్కీ ఎవరో ఒకరు కరపత్రం పెట్టేవారు. జావా, ఒరాకిల్, టెస్టింగ్, ఏ కోర్సైనా సరే, మొదటి మూడు రోజులు ఉచితం. దాన్ని డెమో అనేవారు. నచ్చితే నాలుగో రోజు నుంచి ఫీజు కట్టి చేరాలి, నచ్చకపోతే వెళ్లిపోవచ్చు. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడికి, నాలాంటివాడొకడు నరసరావుపేటలో పుట్టి ఉంటాడన్న అనుమానం రాలేదు పాపం.

మా మేనమామకు నరసరావుపేటలో ఎరువుల కొట్టు ఉంది. "ఏడాది టైమిస్తున్నాన్రా అబ్బాయ్. ఉద్యోగం వస్తే సాఫ్ట్‌వేరు, రాకపోతే యూరియా" అని చెప్పి నన్ను బస్సెక్కించాడు. ఆ కొట్లో కూర్చోవడమంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. అందుకని ఒక్క కోర్సుతో సరిపెట్టుకోకుండా, అన్నీ నేర్చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఉచితంగా.

ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా గదిలోనే ఉండే యాదగిరిది నల్గొండ వైపు. అతను ఒకే ఒక్క జావా కోర్సుకు ఫీజు కట్టి, రోజూ ఆ క్లాసుకే వెళ్లేవాడు. అతన్ని చూస్తే నాకు జాలేసేది. అతనికి నన్ను చూస్తే ఏమనిపించేదో దాచుకునేవాడు కాదు.

"అన్నా, ఏదన్న ఒక్కదాంట్ల కుదురుగ కూసోరాదు? గిట్ల గల్లీ గల్లీ తిరిగితె ఏమొస్తది?"

"నీకు వచ్చింది ఒక్కటి యాదగిరీ. నాకు అన్నీ వచ్చు."

"ఏమొచ్చు?"

"మొదలుపెట్టడం."

"మరి ఖతం చేసుడు?"

"అదెవరికైనా వస్తుంది. కష్టమంతా మొదట్లోనే."

ఆరంభశూరులని మనవాళ్లని ఊరికే అనలేదు. నేనైతే ఆ శూరత్వంలో ఏసీ కూడా చూసుకునేవాణ్ణి. డెమో గదికి ఏసీ ఉండేది, అసలు క్లాసుకు ఫ్యాను. డెమోకి టై కట్టుకున్న సారు వచ్చేవారు. ఆ భాష ఎవరు పుట్టించారో, అది పుట్టకముందు లోకం ఎంత దుఃఖంలో ఉండేదో చెప్పి, రెండు జోకులు వేసి, తెర మీద 'హలో వరల్డ్' అని చూపించే చిన్న ప్రోగ్రాం రాసేవారు. లోకానికి నమస్కారం పెట్టడం అయిపోగానే నేను పక్క సందులో ఇంకో డెమోకి బయల్దేరేవాణ్ణి. కొన్ని నెలలకు ఎంత ఆరితేరానంటే, ఒకచోట సారు జోకు మధ్యలో తడబడితే వెనక వరసలోంచి నేనే పూర్తి చేశాను. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు.

ఏడాది గడువు దగ్గర పడుతుండగా పంజగుట్టలో ఒక చిన్న కంపెనీ యాదగిరినీ నన్నూ ఒకే రోజు ఇంటర్వ్యూకి పిలిచింది. ఇది పోతే ఇక యూరియానే. మామయ్య అప్పటికే కొట్లో నా కోసం కొత్త కుర్చీ వేయించాడట.

ముందు నన్నే పిలిచారు. లోపల ఒక మేడమ్, ఆవిడ పక్కన మాట్లాడని సారొకరు.

"జావా గురించి చెప్పండి" అన్నారు మేడమ్.

నన్ను అలా అడగడం ఆవిడ చేసిన తప్పు. లేచి బోర్డు దగ్గరికి వెళ్లాను. జావా పుట్టుక చెప్పాను, లోకం దుఃఖం చెప్పాను, ఆగాల్సిన చోట ఆగి జోకు వేశాను. ఇద్దరూ నవ్వారు. 'హలో వరల్డ్' రాసి కింద గీత గీశాను. మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"చాలా బాగా చెప్పారు. మరి ప్రోగ్రాం నడుస్తుండగా తప్పు వస్తే ఎలా పట్టుకుంటారు?"

ఎవరికైనా మొదటి ముద్దలో ఈగ పడుతుంది. నాకు రెండో ముద్దలో పడింది. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అప్పటికి నా నోరు నాది కాదు, టై సారుది.

"మంచి ప్రశ్న మేడమ్. అది నాలుగో రోజు వస్తుంది."

"ఏ నాలుగో రోజు?"

"సోమవారం మొదలుపెడితే గురువారం."

మాట్లాడని సారు మాట్లాడారు. "డేటాబేస్‌కి ఎలా కలుపుతారు?"

"చాలా ముఖ్యమైన టాపిక్ సార్. చాలామంది దానికోసమే చేరతారు."

"మీరు చేరారా?" అన్నారు మేడమ్.

ఇలాంటి ఇబ్బంది వస్తే టై సార్లు ఏం చేస్తారో నాకు కంఠతా వచ్చు. గడియారం చూశాను. డస్టరు తీసుకుని బోర్డు తుడిచాను.

"ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం. ఆసక్తి ఉన్నవాళ్లు కింద రిసెప్షన్‌లో పేరిచ్చి వెళ్లండి."

చప్పట్ల కోసం ఆగింది ఇక్కడే. ఏసీ ఒక్కటే చప్పుడు చేసింది.

మేడమ్ చాలా మర్యాదగా అన్నారు. "బాబూ, మీ డెమో మాకు నచ్చింది. కానీ మేం చేరడం లేదు."

బయట యాదగిరి ఆత్రంగా ఎదురొచ్చాడు. "ఏమడిగిండ్రు అన్నా?"

"నాలుగో రోజు."

అతను లోపలికి పోయి ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు ఉద్యోగంతో వచ్చాడు. "ఫికర్ జెయ్యకు, నీకు సుత వస్తది" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను సంతోషించానని రాయాలని ఉంది. ఏడుపొచ్చింది.

నరసరావుపేట కొట్లో కొత్త కుర్చీ మెత్తగా ఉంది. మొదటి రోజే ఒక రైతు వచ్చి, మిరపకు ముడత వచ్చింది, ఏం కొట్టాలని అడిగాడు.

"మంచి ప్రశ్న" అన్నాను.

మామయ్య నన్ను కుర్చీలోంచి లేపి, బస్తాల దగ్గర నిలబెట్టాడు. తర్వాత మళ్లీ అమీర్‌పేట వచ్చి, ఫ్యాను కింద కూర్చుని, ఒకే ఒక్క కోర్సు చివరిదాకా చదివి బతికిపోయాను గానీ, అసలు బుద్ధి వచ్చింది ఆ బస్తాల దగ్గరే. ఇప్పుడు ఇంటర్నెట్ మొత్తం అమీర్‌పేట అయిపోయింది. ఏ యాప్ తెరిచినా మొదటి నెల ఉచితం, నచ్చితేనే చేరండి అంటుంది. నా వేలు దాని మీదికి పోతుంది, వెంటనే ముక్కుకు యూరియా వాసన కొడుతుంది. ఆ బస్తా మీద కుడిచెయ్యి వేసి చేసిన ప్రమాణం గుర్తొస్తుంది: ఏసీ గదిలో, టై కట్టుకున్నవాడు, ఉచితంగా, నవ్విస్తూ చెప్పినదాన్ని నేర్చుకున్నానని ఈ జన్మలో అనను. చూశానంటాను, అంతే.