పలకల తెర మింగిన వాంగ్మూలం

కార్మిక వివాదాల విచారణ కార్యాలయంలో, రెండో అంతస్తు చివరి గదిలో, ఇరవై రెండేళ్లుగా సాక్షుల మాటలను కాగితానికెక్కిస్తూ వచ్చిన టైపిస్టును బంట్రోతు మొదలుకొని గుమాస్తాల దాకా అందరూ టపటపమ్మ అనేవారు. విచారణాధికారి కూడా అనేవారు, కాకపోతే ఆవిడ వినకుండా. ఆ పేరులో ఎగతాళి పాలు కొంత ఉన్నా గౌరవం పాలే ఎక్కువ. ఎందుకంటే అన్నేళ్లలో ఆవిడ వేళ్ల కింది నుంచి ఒక్క సాక్షి మాటా జారిపోలేదు.

ఆవిడ తెర వైపు చూసేది కాదు. సాక్షి పెదవుల వైపు చూసేది. తెర చూస్తూ కొట్టేవాళ్లు తమ రాతను తామే చూసుకుని మురుస్తారనీ, ఈలోగా మనిషి చెప్పింది గాలికి పోతుందనీ ఆవిడ నమ్మకం. సాక్షి నోరు విప్పబోయే ముందు రెండు పనులు తప్పకుండా చేసేది. చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకునేది. మణికట్టు వెనకభాగంతో మౌస్‌ను బల్ల అవతలి మూలకు, ఫైళ్ల అరకు ఆనుకునేదాకా నెట్టేసేది. ఇక దానితో ఆవిడకు పని లేదు. నలభై నిమిషాలైనా, గంటైనా, మీటల చప్పుడు తప్ప ఆ బల్ల దగ్గర మరో శబ్దం ఉండేది కాదు. విచారణ జరుగుతుండగా టైపిస్టు మాట్లాడకూడదన్నది ఆ గది కట్టుబాటు. ఆవిడ దాన్ని ఒక్కసారీ మీరలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. భాష తెలిసినవాళ్ల చేతులకు ఒక దురద ఉంటుంది. ఎదుటివాడి వాక్యం కుంటుతుంటే పట్టి నిలబెట్టాలనిపిస్తుంది. కర్త ఒకచోట, క్రియ ఒకచోట పడి ఉంటే దగ్గరకు చేర్చాలనిపిస్తుంది. టపటపమ్మకు భాష బాగా తెలుసు. అయినా సాక్షి తడబడితే తడబడినట్టే కొట్టేది, మధ్యలో ఆపితే ఆపినచోటే చుక్కలు పెట్టేది. మనిషి మాటను మనిషి ఆస్తిగా చూడటం గొప్ప సంస్కారం. అది బడిలో నేర్పితే వచ్చేది కాదు; నేర్పబోయి ఓడిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

అటువంటి గదికి ఆధునికీకరణ వచ్చిపడింది.

యంత్రాలు పాతవే. లోపలి ఏర్పాటు మాత్రం రాత్రికి రాత్రి మారింది. ఉదయం మీట నొక్కగానే తెర నిండా స్నానాల గదిలో గచ్చు బిళ్లల్లా రంగురంగుల పలకలు పరుచుకున్నాయి. ఒకదాంట్లో ఎక్కడిదో వాతావరణం, ఒకదాంట్లో పూలతోట, ఒకదాంట్లో ఆట ఆడుకోమని ఆహ్వానం. విచారణ దస్త్రాలు ఏ బిళ్ల కింద ఉన్నాయో చెప్పే నాథుడు లేడు. ఫోనును చేతిలో పట్టుకుని, నిలబడి, బొటనవేలితో తోసుకుంటూ పోయే తీరిక మనిషి కోసం ఎవరో ఎక్కడో ఊహించిన సుఖాన్ని, కుర్చీలో కూర్చుని పది వేళ్లతో పనిచేసే మనిషి నెత్తిన రుద్దారు. పైగా ఆ కార్యాలయపు తెరలు వేలికి పలికే రకం కావు. తాకితే మరక పడటం తప్ప వాటికేమీ తెలియదు. గుమ్మం లేని ఇంటికి తోరణం కట్టడమంటే ఇదే.

నేర్పడానికి పై కార్యాలయం నుంచి ఒక నిపుణుడు దిగాడు. నలభై దాటినవాడు, మెడలో గుర్తింపు పట్టీ, పెదవి మీద అరగని చిరునవ్వు.

"చాలా సహజంగా ఉంటుందండీ. వేలితో తాకితే చాలు, అంతే," అన్నాడు.

దస్త్రాల గుమాస్తా వేలితో తాకాడు. ఏమీ కాలేదు. ఇంకొంచెం గట్టిగా పొడిచాడు.

"ఈ తెరలకు అది పనిచేయదు లెండి. కానీ పద్ధతి అదీ," అన్నాడు నిపుణుడు.

"అంటే పనిచేయని పద్ధతి నేర్పడానికి వచ్చారా బాబూ?" అన్నాడు బంట్రోతు, టీ గ్లాసులు అందిస్తూ.

గది గొల్లుమంది. నిపుణుడి చిరునవ్వు మాత్రం అరగలేదు. "మొదట్లో అందరూ ఇలాగే అంటారు. అలవాటైతే మీరే వదలరు."

వారం తిరిగేసరికి ఎవరి పాట్లు వాళ్లకు వచ్చాయి. తపాలా గుమాస్తా యంత్రాన్ని ఆపే దారి దొరక్క ప్రతి సాయంత్రం గోడలో ప్లగ్గు పీకి ఇంటికి వెళ్లేవాడు. దస్త్రాల గుమాస్తా పాత తెర మీద ఉండే బొమ్మ గుర్తులన్నీ కాగితం మీద గీసుకుని, పోయినవాళ్ల ఫొటోల్లా బల్లకు అతికించుకున్నాడు. విభాగాధికారి ఒక్కరే బాగుంది బాగుంది అంటూ తిరిగేవారు. ఆయన తన యంత్రం తెరిచి ఆరేళ్లయింది.

టపటపమ్మ ఏమీ అనలేదు. ఇంట్లో అన్నది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు.

"ఏంటి, ముఖం అలా పెట్టావు?"

"కంప్యూటరు మార్చారండీ. మార్చడం కూడా కాదు, ముఖానికి రంగేశారు. తెర మూలలకు కూడా ప్రాణం పోశారట, బాణం గుర్తు వెళ్లి తగిలితే చాలు, ఏదో ఒకటి తెరుచుకుంటుంది."

"ఎందుకూ?"

"సౌకర్యమట."

"మా డిపోలో ఎవడైనా బ్రేకు తీసేసి ఆ చోట పూలకుండీ పెడితే బండి వెనక్కి పంపేవాళ్లం."

"మేం పంపలేం. పైనుంచి వచ్చింది."

"అయితే మీ పైవాళ్లు బస్సెక్కని మనుషులన్నమాట," అని ఆయన కంచం ముందు కూర్చున్నాడు.

ఆ నెలలోనే అట్టపెట్టెల కర్మాగారం వివాదం విచారణకు వచ్చింది. పలకలు వచ్చాక టపటపమ్మ రాయబోయే మొదటి వాంగ్మూలం అదే. అట్టలు కోసే యంత్రం దగ్గర పనిచేసే ఒక యువతికి కుడిచేతి రెండు వేళ్లు తెగిపోయాయి. కత్తికి అడ్డుగా ఉండాల్సిన ఇనుప జాలీని ఆ అమ్మాయే తీసేసిందని యాజమాన్యం వాదన. తాను తీయలేదని అమ్మాయి మాట. ఆ ఒక్క విషయం మీదే అంతా ఆధారపడి ఉంది: తప్పు ఎవరిది, ఆ అమ్మాయి మళ్లీ పనిలోకి వెళ్తుందా, లేక తన చేతిని తానే పాడుచేసుకున్న అజాగ్రత్త మనిషిగా మిగిలిపోతుందా. ఆమెకు వకీలు లేడు. సాక్షి ఒక్కడే ఉన్నాడు, అదే షెడ్డులో పనిచేసే ముసలి ఫిట్టరు.

ఉదయం పదకొండుకు ఫిట్టరు నిలబడ్డాడు. టపటపమ్మ వేళ్లు తుడుచుకుంది, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ మౌస్‌ను అవతలి మూలకు నెట్టింది, ఆయన పెదవుల మీద కళ్లు నిలిపింది. ఆయన నెమ్మదిగా, తన పనిముట్ల పేర్లు చెబుతున్నంత నిబ్బరంగా చెప్పాడు. ఏ యంత్రం, ఎన్నేళ్ల పాతది, జాలీకి ఎన్ని బోల్టులు. చివరికి అన్నాడు:

"పని నెమ్మదిస్తోందని మంగళవారం పొద్దున మేనేజరు గారే జాలీ ఊడదీయమన్నారండీ. ఊడదీసింది నేనే. రెంచి నా చేతిలోనే ఉంది. ఆ పిల్లకేం తెలీదు."

యువతి కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ముప్పై అయిదు నిమిషాల వాంగ్మూలం ముగిసింది. టపటపమ్మ అచ్చు వేయడానికి మీటలు నొక్కింది. కాగితం రాలేదు. మళ్లీ నొక్కింది. అప్పుడు తెర వైపు చూసింది.

పలకలు. ఎక్కడిదో ఎండ, పూలతోట, ఆట ఆహ్వానం. మౌస్‌ను మూలకు నెట్టినప్పుడు బాణం గుర్తు కూడా తెర మూలకు పోయి తగిలింది. తెర తనంతట తాను తెరుచుకుని, ఆవిడ కొట్టిందంతా వెతుకులాట పెట్టెలోకి లాక్కుంది. పెట్టె పట్టినంత పట్టి మిగతాది పారబోసింది. పట్టింది మూడు వరుసలు: సాక్షి పేరు, వయసు, వృత్తి. వాటి కింద మర్యాదగా రాసి ఉంది: మీరు వెతికినది దొరకలేదు. వేరే మాటలతో ప్రయత్నించండి.

ఒక ముసలివాడు ధైర్యం కూడగట్టుకుని చెప్పిన నిజాన్ని విని, అలాంటిదేమీ లేదు, వేరే మాటలు చెప్పమన్న యంత్రం అది. లంచం తిన్న మనిషి కూడా ఇంత తడుముకోకుండా అనలేడు.

నిపుణుణ్ణి పిలిపించారు. వంగి చూశాడు.

"మూలకు తగిలించినట్టున్నారు. అది మంచి సౌకర్యమే, మీకు తెలియక..."

"ముట్టుకోకండి. ఆ మూడు వరుసలైనా రాసుకోనివ్వండి," అన్నది టపటపమ్మ లోగొంతుతో.

ఈలోపే ఆయన ఒక మీట నొక్కాడు. పెట్టె ఖాళీ అయింది. "ఇదిగో, సరైపోయింది," అన్నాడు.

విచారణాధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. భోజనం తర్వాత సాక్షి మళ్లీ చెప్పాలన్నారు.

ఆ విరామంలో నీళ్ల సీసా నింపుకోవడానికి వెళ్లిన టపటపమ్మకు మెట్ల దగ్గర ఫిట్టరు, కర్మాగారం మేనేజరు కనిపించారు. మేనేజరు చెయ్యి ఫిట్టరు భుజం మీద ఉంది.

"మీ అల్లుడు మన దగ్గరే కదా పెద్దాయనా. మంచి పనివాడు. అలాగే ఉండనిద్దాం," అంటున్నాడు. తిట్టు లేదు, బెదిరింపు లేదు. ఫిట్టరు తల మాత్రం ఉదయం కంటే రెండు అంగుళాలు కిందికి వంగింది.

మధ్యాహ్నం ఆవిడ మౌస్‌ను నెట్టలేదు; దాని తీగ పీకి సొరుగులో పడేసింది. ఫిట్టరు నిలబడ్డాడు. యంత్రం పేరు చెప్పాడు, వయసు చెప్పాడు, బోల్టుల లెక్క చెప్పాడు.

"జాలీ ఎవరు తీశారు?"

"నేను చూడలేదండీ."

"బాబాయ్, పొద్దున చెప్పావు కదా," అన్నది యువతి.

"ఏం చెప్పానో నాకే గుర్తులేదమ్మా."

కర్మాగారం వకీలు లేచాడు. "పొద్దున ఏదో అన్నాడంటున్నారు. రికార్డులో ఉందాండీ?"

విచారణాధికారి ఇబ్బందిగా కదిలారు. "నేనూ విన్నాను. కానీ నా చెవులు రికార్డు కావు. రాతలో లేనిదాని మీద నేను తీర్పు రాయలేను."

టపటపమ్మ ఆ మాటలన్నీ కొట్టింది. నేను చూడలేదండీ అన్నదీ కొట్టింది. అదీ ఆయన మాటే. ఆ తర్వాత చేతులు ఆగిపోయాయి. ఆ గదిలో మీటల చప్పుడు లేకపోవడం ఎంత పెద్ద శబ్దమో, తలుపు దగ్గరున్న బంట్రోతు లోపలికి తొంగిచూసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యా, నన్ను సాక్షిగా రాసుకోండి. పొద్దున ఆయన చెప్పింది నేను విన్నాను. మాట మాటా చెప్పగలను."

"ఇదెక్కడి పద్ధతండీ? టైపిస్టు సాక్ష్యం చెప్పడమేంటి?" అన్నాడు వకీలు.

విచారణాధికారి కలం పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగారు. "సాక్షిగా నిలబడితే ఈ వివాదంలో మీరు ఇక ఆ కుర్చీలో కూర్చోకూడదమ్మా. రికార్డు ఎలా పోయిందని అడుగుతారు. మీ చేతి మీదుగా పోయిందని మీరే చెప్పాలి. అది మీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇన్నేళ్లలో అందులో ఒక్క మచ్చ లేదు."

"తెలుసండీ. నా చేతి మీదుగానే పోయింది. ఎక్కనివ్వండి."

వకీలు ఫిట్టరు వైపు తిరిగాడు. "ఈవిడ అబద్ధం చెబుతోందని మీరే చెప్పండి పెద్దాయనా, ఇక్కడితో అయిపోతుంది."

ఫిట్టరు మేనేజరు వైపు చూశాడు. యువతి ఒళ్లోని కట్టు వైపు చూశాడు. తర్వాత తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"ఆవిడ అబద్ధం చెబుతోందని నేననను," అన్నాడు.

ఇక మిగిలింది రాసుకునేవాళ్లు. గుమాస్తాలిద్దరూ సెలవులో ఉన్నారు. కార్యాలయంలో ఆ యంత్రం ముందు కూర్చోగల మనిషి ఒక్క నిపుణుడే అని తేలింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. మౌస్ ఏదని అడిగాడు. సొరుగులో ఉందని బంట్రోతు చెప్పాడు. తీసి తగిలించుకున్నాడు. రెండు చూపుడువేళ్లు మీటల మీద నిలబెట్టాడు. చిరునవ్వు మొదటిసారిగా అరిగింది. తాకితే చాలని ఊరంతా చెప్పుకు తిరిగిన వేళ్లకు ఏ అక్షరం ఎక్కడుందో తెలియదు.

టపటపమ్మ సాక్షి నిలబడే చోట నిలబడింది. ప్రమాణం చేసింది. పేరు చెప్పింది. వయసు చెప్పింది.

"వృత్తి?"

"టైపిస్టును."

నిపుణుడు ఆ మాటకు మొదటి అక్షరం కోసం మీటలన్నీ వెతుకుతున్నాడు. ఆవిడ ఆయన వైపు, ఆ తర్వాత తెర వైపు, ఆ తర్వాత మళ్లీ ఆయన వేళ్ల వైపు చూసింది.

"తెర చూడకండి. నన్ను చూడండి," అన్నది. "ఒక్కో మాటే చెబుతాను. తొందర లేదు. మంగళవారం పొద్దున."

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ ఆగింది, ఆయన ఆ రెండు మాటలూ కొట్టేదాకా.