గేర్‌బాక్స్ పక్క ప్లగ్గు

మా అన్న పోయిన ఎనిమిదో రోజున ఆయన కారు గేర్‌బాక్స్‌లో చుక్క ఆయిల్ లేకుండా పోయింది. మరునాడు పొద్దున అస్థికలు రామేశ్వరం తీసుకుపోవాలి. ఆ కారులోనే తీసుకుపోవాలని వదిన అడిగింది. ఆ ఎనిమిది రోజుల్లో ఆమె మమ్మల్ని అడిగింది అదొక్కటే.

మా రాజపాళయంలో చావు జరిగిన ఇంటివాళ్లు పదహారు రోజులు ఏ పనికీ చెయ్యి పెట్టరు. పంగాళులు, అంటే దాయాదులు, అన్నీ చూసుకుంటారు. వాళ్లు చేస్తుంటే వద్దనకూడదు, బాగాలేదని అనకూడదు. వంట పని ఒకరు, వచ్చినవాళ్లకు కాఫీలిచ్చే పని ఒకరు తీసుకున్నారు. కారు పని మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు వరస, తీసుకున్నాడు. స్పిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు మెయింటెనెన్స్ చూసి రిటైరైన మనిషి. యంత్రం గురించి అతనికి చెప్పగలవాళ్లు మా ఇంట్లో అన్న తప్ప ఇంకెవరూ లేరు.

అన్న మంచాన పడిన ఏడు నెలలూ కారు షెడ్డులోనే ఉంది. రెండు వందల కిలోమీటర్లు పోవాలంటే గేర్ ఆయిల్ మార్చాల్సిందేనని తమ్ముడు అన్నాడు. ఇంజిన్ కాసేపు నడిపి, ఆయిల్ వేడెక్కాక కింద ప్లగ్గు విప్పాడు. తారులా నల్లగా దిగింది. ప్లగ్గు మళ్లీ బిగించాడు. ఆ తర్వాత, కొత్త ఆయిల్ పోద్దామని పక్కనున్న ప్లగ్గుకు స్పానర్ వేశాడు. అది కదల్లేదు.

నేను లోపల వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. సుత్తి దెబ్బలు విని బయటికి వెళ్లేసరికి ప్లగ్గు అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. కిరోసిన్ పోసి నానబెట్టి, ఉలి పెట్టి కొట్టి, అన్నీ అయ్యాయట.

"మిల్లులో ఏ గేర్‌బాక్స్‌కైనా పైన మూత ఉంటది అన్నా. చేత్తో తిప్పితే వస్తది. కింద వదిలేది, పైన పోసేది. దీనికి పక్కన ప్లగ్గు పెట్టినోడు ఎవడో వానికి మంచి ఉంటదా!"

పోసే ప్లగ్గు ఊడుతుందని చూసుకున్నాకే కింది ప్లగ్గు విప్పాలని అన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. స్పానర్ పట్టుకోవడం రాని నాకే చెప్పాడు. ఆయన కారు కింద పని చేస్తుంటే నేను షెడ్డులో స్టూలు మీద పుస్తకం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ మాట తమ్ముడికి ఒక గంట ముందు చెప్పి ఉండాల్సింది నేను. పంగాళి పనిలో కల్పించుకోకూడదని ఊరుకున్నాను.

వదిన పెరటి గడప దగ్గరకు వచ్చి నిలబడింది. పదహారు రోజులు ఆమె ఆ గడప దాటకూడదు.

"ఏమి తంబీ, ముప్పై ఏండ్లు మిల్లు నడిపినోనికి ఒక ప్లగ్గు తీసేకి రాలేదా?"

"వస్తది వదినా. కొంచెం మొండిగా ఉండాది."

"రాదు. దాన్ని ఆయన తీసి నాలుగేండ్లు అయింది."

ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

"కింద పండుకుంటే ఊపిరి ఆడల్లేదు మీ అన్నకు. లోపల సీట్లో కూర్చొని, కార్పెట్ ఎత్తి, గేర్ రాడ్ కాడుండే మూత విప్పి పోస్తా ఉండె. నేను గరాటు పట్టుకుంటా ఉంటి."

"మాకు చెప్పలేదే వదినా."

"మీకు చెప్తే ఆస్పత్రి అంటారని చెప్పొద్దన్నాడు. ఇప్పుడు చెప్తా ఉండాను గదా, పోయి చూడండి."

కార్పెట్ ఎత్తాం. గేర్ రాడ్ చుట్టూ ఉన్న నాలుగు బోల్టులకూ గ్రీజు రాసి ఉంది. తలలు శుభ్రంగా ఉన్నాయి. తమ్ముడు స్పానర్‌తో ఒక్కో చుట్టు తిప్పాడు, ఆపైన వేళ్లతోనే ఊడి వచ్చాయి.

నేను రెండు వీధుల అవతల ఉంటాను. ప్రతి ఆదివారం ఆ షెడ్డులో కూర్చున్నాను. నాలుగేళ్లుగా ఆయన కారు కిందకు దూరలేదని గమనించలేదు. ఆయన ఆ ప్లగ్గుల నియమం చెప్పడం మాత్రం మానలేదు. ఆయన ఊపిరితిత్తుల జబ్బు మాకు తెలిసింది పోయినేడాది. బోల్టులు అంతకు చాలా ముందు నుంచీ చెబుతున్నాయి. ఆయిల్ అంత నల్లగా ఎందుకు దిగిందో కూడా అప్పుడు అర్థమైంది. తగ్గినంత పైనుంచి పోశాడే తప్ప, పాతది దించలేకపోయాడు.

కారు పుస్తకంలో గేర్‌బాక్స్‌కు ఎంత ఆయిల్ పట్టాలో ఉంది. నేను చదివి చెప్పాను, తమ్ముడు అంత కొలిచాడు. పోయబోతుంటే వదిన గడప దిగి వచ్చింది. కారు అవతలి తలుపు తీసి, వంగి, గరాటు పట్టుకుంది. తమ్ముడు నా వైపు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను. లోపల కూర్చున్న పెద్దవాళ్లకు కనిపించే ఉంటుంది. ఎవరూ లేచి రాలేదు. ఆయిల్ చిక్కగా, నెమ్మదిగా దిగింది. అయిపోయాక ఆమె చేయి తుడుచుకుని లోపలికి వెళ్లింది.

మరునాడు వల్లకాటి దగ్గర అస్థికల కుండ అందుకున్నాం. అందుకున్నాక వెనక్కి తిరగకూడదు, దారిలో దించకూడదు. కారు ఆగిపోతే కుండతో రోడ్డు మీద నిలబడాల్సిందే. అది ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను, తమ్ముడు నడిపాడు. గేర్ మార్చిన ప్రతిసారీ అతని అరచెయ్యి కిందికి జారి గేర్‌బాక్స్ మీది రేకును తాకేది.

"కాలుతుందా?"

"లేదు. చెయ్యి పెట్టేటట్టుండాది."

అరుప్పుక్కోట దాటాక ఒక టీ కొట్టు పక్కన ఆపాడు. నేను దిగలేదు. అతను పంచె ఎగగట్టి కారు కిందికి దూరి, చాలాసేపు చూసి వచ్చాడు.

"ఒక చుక్క కారలేదు." తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, ముప్పై ఏండ్లలో నా చేతివల్ల ఒక మెషినూ ఆగలేదు."

"నిన్నెవరు ఏమన్నారు?"

"అదే గదా బాధ. ఒకరైనా తిట్టొచ్చు గదా. పదారు రోజులు అయినంకైనా తిట్టు."

"అప్పుడు చూద్దాం. టీ తాగి రా."

"నువ్వు దిగేకి లేదు. నాకు మాత్రం టీ ఏంటికి?" అని మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ముందే రామేశ్వరం చేరాం. పూజారి చెప్పినట్లు చేశాను. నీళ్లలో కుండ వదిలి వెనక్కి చూడకుండా ఒడ్డుకు వచ్చాను. తడి బట్టలతోనే వదినకు ఫోను చేశాను.

"అయింది వదినా."

"మధ్యలో యాడైనా కారు నిల్చిందా?"

"యాడా నిల్వలేదు."

"ఇంక ఇద్దరూ టీ తాగి రాండి" అని ఆమె ఫోను పెట్టేసింది. నేను తమ్ముణ్ణి వెంటబెట్టుకుని టీ కొట్టు వైపు నడిచాను.