అతికించిన పేజీ

ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక్క పేజీ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పోయిన ఆదివారం టీవీలో ఆ పాత హిందీ సినిమా వచ్చింది. భార్య పుట్టింటికి వెళ్లగానే పక్కింటామె వెంటపడే మొగుడి కథ. చివర్లో అతనికి బుద్ధొచ్చి భార్య దగ్గరికి పరుగెత్తుతాడు. నా భార్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ పక్కింటామె ఏమైందని ఒక్కరూ అడగరేం?

నేనడిగానా?

అప్పుడు బతకడానికి వలసొచ్చిన మరాఠీ ఊళ్లో, కుంఠా నాకా దగ్గర వరస గదుల చాళ్‌లో ఉండేవాళ్లం. నేను కార్ఖానాలో దుప్పట్లకు డిజైన్లు గీసేవాణ్ణి, అందరూ మాస్టరనేవారు. నా భార్య కాన్పుకు సిరిసిల్ల వెళ్లింది. పక్క గదిలో నర్సవ్వ బీడీలు చుట్టేది. ఆమె భర్త భీవండిలో మగ్గం నడిపేవాడు. చాళ్ ఆడవాళ్లంతా వస్తున్నారని అబద్ధమాడి, ఆమెను ఇదే సినిమా మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్లాను. చీకట్లో చెయ్యి పట్టుకున్నాను. ఆమె విదిలించుకుని లేచి వెళ్లిపోయింది. నేను మిగతా సినిమా చూశాను. నవ్వాను కూడా. ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు డైరీలో రాసుకున్నాను.

హాలు దగ్గర మమ్మల్ని ఎవరో చూశారు. మాట కులపెద్దల దాకా వెళ్లింది. నేను రోజూ డైరీ రాస్తానని అందరికీ తెలుసు, తెమ్మన్నారు. గ్రాఫ్ కాగితం కోసే బ్లేడుతో ఆ పేజీ తీసేశాను. అదే పుస్తకం చివరి కాగితం కోసి, అంచుకు జిగురు రాసి అతికించాను. నర్సవ్వే సినిమాకు పిలిచిందనీ, నేను మందలించి పంపితే హాలుకొచ్చి నా పక్కన కూర్చుందనీ రాశాను. గుండ్రటి అక్షరాలతో.

పెద్దమనిషి దాన్ని చదివి వినిపించాడు.

"గట్లెట్ల రాసినవ్ మాస్టరూ?" అంది నర్సవ్వ. "చాళ్ ఆడోళ్లందరు వస్తున్నరని నువ్వే గాదు పిలిచింది? నా దిక్కు సూసి చెప్పు."

"గప్ బస్, నోర్ముయ్!" అన్నాడు పెద్దమనిషి. "రోజూ రాసెటోడు గా ఒక్క దినమే అబద్ధం రాస్తడా? నీ తాన ఏమన్న కాయితం ఉన్నదా?"

"నా తాన చాట ఉన్నది, ఆకు ఉన్నది. కాయితం యాడికెల్లి తేవాలె?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆమె వైపు చూడలేదు.

వారంలో ఆమె గది ఖాళీ చేయించారు. ఎక్కడికి వెళ్లిందో నేను కనుక్కోలేదు. తిరిగొచ్చిన నా భార్య, మా ఆయన నిప్పని చాళ్ అంతా చెప్పుకుంది.

ఆ పెద్దల మీద నాకింకా కోపమే. అంచు మీద ఒక్కసారి వేలు పెట్టి రుద్ది ఉంటే జిగురు తగిలేది. ఎందుకు చూడలేదు? నా రాత మీద నమ్మకమా, ఆమె మాట మీద చిన్నచూపా? వాళ్లను తిడతానే గానీ, ఆ చిన్నచూపును నమ్ముకునే కదా నేను బ్లేడు పట్టింది! చీకట్లో చెయ్యి పట్టుకోవడం నీతిలేని పని. కానీ ఇది పగటి వెలుతురులో, స్కేలు పెట్టి, చెయ్యి వణక్కుండా చేసింది.

ఈ పొద్దున నేటి పేజీలో రాశాను. పిలిచింది నేను. చెయ్యి పట్టింది నేను. పేజీ మార్చింది నేను. నర్సవ్వ తప్పేమీ లేదు.

నా భార్యకు చదవడం వచ్చు. పుస్తకం ఆమె కళ్లజోడు పక్కనే తెరిచి పెట్టాను. వంటింట్లో ఆమె ఇంకా ఆ సినిమా పాటే కూనిరాగం తీస్తోంది. ఈ పేజీని కూడా కోసెయ్యడానికి బ్లేడు ఏ సొరుగులో ఉందో నాకు తెలుసు.

లేవడం లేదు.