పాకం దించాల్సిన నిమిషం

ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేదాకా ఆగలేకపోవడం నాకు చిన్నప్పటి జబ్బు. పదకొండేళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాక అది ఇంకా ముదిరింది. నాతో మాట్లాడాలంటే ముందు నా దగ్గర అర్జీ పెట్టుకోవాలని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఇదివరకు నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాట వింటే ఒక చెరకు చేను, ఒక కడాయి గుర్తొస్తాయి, నవ్వు రాదు.

కరోనా తర్వాత బళ్లు తెరిచినప్పుడు మా వాడు వెళ్లనని మొండికేశాడు. నాకూ పంపబుద్ధి కాలేదు. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్నవాళ్లు నిజామాబాద్‌లో ఇంకా కొందరు తగిలారు. మొత్తం ఏడిళ్లు, పదకొండు మంది పిల్లలు. చిన్నవాడికి తొమ్మిదేళ్లు, పెద్దమ్మాయికి పదిహేను. వారమంతా ఎవరింట్లో వాళ్లు చదువుకుంటారు, పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాస్తారు. శనివారం మాత్రం అందరం ఒక చర్చి వెనకున్న హాల్లో కలిసేవాళ్లం. ఆ రోజు పుస్తకాలు ముట్టకూడదు. బొమ్మలు వేయడం, చదరంగం, కుట్టుపని, కరెంటు వైర్లు కలపడం లాంటివి నేర్పేవాళ్లం.

బయటి నుంచి టీచర్లను పెట్టుకోవద్దనుకున్నాం. ‘ఇంటికో పాఠం’ అన్నది మా నియమం. ఏ ఇంట్లో ఏ విద్య ఉంటే ఆ విద్య ఆ ఇంటివాళ్లే వచ్చి నేర్పాలి. నేనే అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. బ్యాంకులో పనిచేసే ఆయన చదరంగం, ఎలక్ట్రికల్ షాపాయన వైరింగ్, నేను సైన్సు ప్రయోగాలు. ఆరిళ్లు ఇట్లా వంతులు వేసుకున్నాయి.

ఏడో ఇల్లు ఆమెది. ఒక ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. భర్త లేడు, ఒక్కతే బిడ్డ, పద్నాలుగేళ్లు. ఆ పిల్ల మెల్లగా చదువుతుంది. వెనకటి బళ్లో అందుకే రోజూ గుమ్మం బయట నిలబెట్టేవాళ్లట. ఆ సంగతి తెలిసిన రోజు సాయంత్రమే ఈమె వెళ్లి టీసీ తెచ్చేసుకుంది. నిజానికి మాకు హాలు దొరికిందే ఆమె చలవ వల్ల. అది వాళ్ల చర్చి. పాస్టర్ గారిని అడిగి ఒప్పించింది ఆమెనే.

అయినా మొదటి శనివారం ఆమె వచ్చీ రాగానే చీపురు అందుకుంది. రెండో వారం సర్వపిండి చేసి తెచ్చింది. మూడో వారానికి టీ పని కూడా ఆమెదే అయిపోయింది. ఇది తప్పని మాలో ఒక్కరికీ తట్టలేదు. కుర్చీ చూపిస్తే “పర్లేదు మేడం” అని తలుపు దగ్గరే నిలబడేది. రెండోసారి కూర్చోమని మేమూ అనేవాళ్లం కాదు. అందరినీ నోరారా ‘మీరు’ అనే నేను ఆమెను మాత్రం ‘నువ్వు’ అనేదాన్ని. పైగా చివర ‘అక్కా’ తగిలించి, ఎంత కలుపుగోలుదాన్నో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని.

ఒకరోజు టీ గ్లాసులు కడుగుతూ తన వంతు ఎప్పుడని అడిగింది. నీ వంటే నీ పాఠం కదక్కా అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మళ్లీ నెలకు అడిగింది. బోధన్ అవతల వాళ్ల అన్నకు చెరకు ఉందని, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చాలామంది మానేసినా ఆయన మాత్రం ఎంతో కొంత వేసి బెల్లం వండుతాడని చెప్పింది. పెళ్లయ్యేదాకా ఆ కడాయి దగ్గర పాకం చూసింది తనేనట. పిల్లల్ని తీసుకుపోయి చూపిస్తానంది. మంట దగ్గర పిల్లలు ప్రమాదం అన్నాను. మూడోసారి అడిగితే, దాని వల్ల పిల్లలు నేర్చుకునేదేముంది, ముందు కాగితం మీద రాసి చూపించు అన్నాను. ఆసుపత్రి రిజిస్టర్లో వచ్చినట్టు పోయినట్టు సంతకం తప్ప ఇంకేమీ రాయని మనిషని తెలిసే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

జనవరిలో చదరంగం ఆయనకు బదిలీ అయింది. ఒక శనివారం ఖాళీ పడింది. ఆ రోజు హాలు ఊడ్చాక ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. బిడ్డ బయట చెప్పులు వేసుకుంటోంది. గొంతు తగ్గించి చెప్పింది.

“ఒక్కసారి నా బిడ్డ ముంగట నేను పాఠం చెప్పాలె మేడం. ఇంటికాడ ఏమన్న చెప్తే, నీకేం తెల్సే అంటది. అందరి అమ్మలు చెప్తున్నరు, నువ్వు గిన్నెలు కడుగుతున్నవ్ అంటది.”

సరే అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ రాత్రే కూర్చుని ఆమె పాఠానికి నేనే కాగితాలు తయారుచేశాను. ద్రావణం, ఆవిరి, మరిగే ఉష్ణోగ్రత, గడుల పట్టిక. నూట పద్దెనిమిది డిగ్రీల దగ్గర పాకం దించాలని ఎక్కడో చదివి, ఆ అంకె చుట్టూ ఎర్రగీత గీశాను. పొడుగు సూది ఉన్న డిజిటల్ థర్మామీటర్ కూడా ఆన్‌లైన్లో తెప్పించాను. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే. అప్పుడు మాత్రం ఆమె పాఠానికి ఒక రూపం తెస్తున్నాననే అనుకున్నాను.

పొద్దున్నే బస్సెక్కి బోధన్‌లో దిగి, మూడు ఆటోల్లో ఊరికి చేరాం. ఆమె ఆ రోజు పండక్కి కట్టుకునే నీలం చీర కట్టుకుంది. బిడ్డ ఎప్పటిలాగే ఆమెకు నాలుగడుగులు ఎడంగా నడిచింది. చెరకు నరికే వాళ్లు సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లు. ఆమె వాళ్లతో మరాఠీలో ఏదో పరాచికమాడితే అందరూ పకపకా నవ్వారు. ఆ పిల్ల తలెత్తి చూసింది. తల్లికి మరాఠీ వచ్చని అప్పటిదాకా తెలియదనుకుంటాను.

కడాయి అప్పటికే పొయ్యి మీద ఉంది. నలుగురు మనుషులు చుట్టూ కూర్చున్నా ఇంకా చోటుండేంత పెద్దది. కింద చెరకు పిప్పి మండుతోంది. ఆమె కొంగు నడుముకు చెక్కి పిల్లల్ని గాలికి పొగ రాని వైపు నిలబెట్టింది. బెండ కాడల జిగురు వేస్తే మురికి ఎట్లా పైకి తేలుతుందో చూపించింది. బుడగ పెద్దదిగా ఉన్నంతసేపు రసంలో నీళ్లున్నట్టని, బుడగ చిన్నదై బరువుగా పగులుతుంటే దగ్గరపడ్డట్టని చెప్పింది. మా వాడు నేను చెప్పేటప్పుడు ఒక్కనాడూ అట్లా నోరు తెరుచుకుని వినలేదు.

తర్వాత గిన్నెలో చల్లటి నీళ్లు తెప్పించింది. గరిటెతో కాస్త పాకం తీసి నీళ్లలో వేసి ఉండ చేసి, బిడ్డనే పిలిచింది.

“గీ ఉండ సూడు బిడ్డా. గిన్నె అంచుకు కొట్టు. సప్పుడు రాకుంటే ఆగాలె. సప్పుడు వచ్చిందంటే ఇగ ఒక్క నిమిషం గూడ ఆగొద్దు.”

ఆ పిల్ల కొట్టింది. చప్పుడు రాలేదు. కాసేపాగి ఇంకోటి, మళ్లీ ఇంకోటి. పిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టి చూశారు. ఆ పిల్ల తల్లికి ఆనుకుని నిలబడి, గిన్నె తనే పట్టుకుని, ఎవరి వంతో తనే చెబుతోంది. అట్లా పది నిమిషాలు గడిచాయి. ఆ పది నిమిషాలూ నేను నోరు మూసుకునే ఉన్నాను. నా జన్మలో అదే ఎక్కువ.

ఐదోసారి తీసిన ఉండ టక్కుమంది. ఆమె అన్న, ఇంకో ముగ్గురు కడాయి చెవులకు కర్రలు దోపి సిద్ధంగా ఉన్నారు.

“అయింది మేడం. దించాలె,” అంది ఆమె.

కడాయి అంచుకు తగిలించిన నా థర్మామీటర్ నూట పద్నాలుగు చూపిస్తోంది. నేను పిల్లల చేతుల్లోని కాగితాల మీద ఖాళీగా ఉన్న గడులు చూశాను.

“ఒక్క నిమిషం ఆగక్కా. ఇంకా నాలుగు డిగ్రీలుంది. పిల్లలు రాసుకోవాలి.”

ఆమె అన్న చెల్లెలి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. తర్వాత చెయ్యెత్తి అన్నను ఆగమంది. “అమ్మా, సప్పుడు వచ్చింది గదా,” అంది పిల్ల. ఆమె ఎత్తిన చెయ్యి దించలేదు. నేను నూట పదిహేను, నూట పదహారు అని పైకి చదువుతూనే ఉన్నాను. నూట పద్దెనిమిది వచ్చేసరికి పొగ లేచింది. ఎవరో మరాఠీలో అరిచారు. కడాయి దించి వెడల్పాటి పళ్లెంలో పోసేటప్పటికే పాకం నల్లబడింది, మాడు వాసన చేనంతా కమ్ముకుంది. థర్మామీటర్ సూది పాకంలోకి దిగనేలేదని, పైనున్న నురగలోనే ఆగిపోయిందని దాన్ని బయటికి తీసినప్పుడు తెలిసింది. మా వాడు గడిలో 118 అని రాసి పక్కన టిక్కు పెట్టుకున్నాడు.

మాడిన నల్లబెల్లం అంటే మా వైపు కొనేవాడికీ అమ్మేవాడికీ భయమే, గుడుంబా సారా కాయడానికని అనుమానిస్తారు. ఆ కడాయెడు బెల్లం ఇక పశువుల దాణాకే. వాళ్ల అన్న కర్ర పక్కన పెట్టాడు. పిల్లలకు చెరకు ముక్కలు కొట్టిచ్చాడు. నేనైనా ఊరుకున్నానా? “ప్రయోగాల్లో ఇట్లాంటివి అవుతుంటాయి,” అన్నాను. తప్పు నాదని ఒక్క ముక్క అంటే నా సొమ్మేం పోయేది? పిల్లలంతా అక్కడే ఉన్నారు. ఆ పిల్ల వింటోంది. తప్పింది వాళ్లమ్మ లెక్క కాదని, నాదని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. చెప్పలేదు.

ఆమె కొంగు విప్పుకుని అందరికీ అన్నాలు వడ్డించింది. తిరుగు బస్సులో ఆ పిల్ల వెనక సీట్లో కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుంది. తల్లి బస్సు ముందు వైపు నిలబడి వచ్చింది, సీట్లు ఖాళీగా ఉన్నా.

తర్వాతి శనివారం వాళ్లు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. డ్యూటీలు మారి ఉంటాయిలే అని నాకు నేను చెప్పుకున్నాను. హాలు ఊడ్చే వంతులు వేసుకోవాల్సి వచ్చినప్పుడు గానీ ఆమె లేని లోటు మిగతావాళ్లకు తెలియలేదు. గోడ మీద నా అట్ట అట్లాగే ఉంది. ఒకరోజు దాన్ని చదవలేక చించేశాను.

మళ్లీ చెరకు కాలం వచ్చాక వాళ్లింటికి వెళ్లాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు. రెండు గదుల ఇల్లు. ఆమె మంచం మీది బట్టలు గబగబా తీసి నన్ను కూర్చోబెట్టింది. బిడ్డను సర్కారు బళ్లో చేర్పించిందట, ఇప్పుడు పదో తరగతి. దారంతా కూడబలుక్కుని పోయిన మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. తప్పంతా నాదేనన్నాను. పిల్లలందరి ముందూ ఒప్పుకుంటానన్నాను. మీరు మళ్లీ వచ్చి పాఠం చెప్పండన్నాను. ఆమెను ‘మీరు’ అనడం అదే మొదలు. ఆమె అది గమనించినట్టు లేదు.

“మీ మీద నాకేం కోపం లేదు మేడం. మీకు తెల్వదు, ఆగుమన్నరు. నాకు తెల్సు గద. నేనెందుకు ఆగిన?”

నేను ఏదో అనబోయాను. ఆమె ఇంకా మాట్లాడుతోందని చూసి ఈసారి ఆగాను.

“గా దినం ఇంటికొచ్చినంక నా బిడ్డ గదే అడిగింది. నీకు తెల్సు గదనే అమ్మా, సప్పుడు గూడ వచ్చింది, మరెందుకు ఆగినవ్ అని. ఒక్కపారి అడిగింది, మళ్ల అడగలే. నాకు జవాబు దొరుకుత లేదు. మీరు సదువు చెప్పెటోళ్లు, మీరన్న చెప్పండ్రి, ఏం చెప్పాలె దానికి?”

పదకొండేళ్లు పాఠాలు చెప్పిన నోరు నాది. ఆమె ఎందుకు ఆగిందో నాకు తెలుసు. టీ గ్లాసులు, చీపురు, రెండోసారి చూపించని కుర్చీ, అన్నీ ఆ నిమిషం ఆమె చెయ్యి పట్టుకుని ఆపాయి. అది ఆమె మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంతలో ఆ పిల్ల బడి నుంచి వచ్చింది. బాగా పొడుగైంది. నన్ను చూసి సంచీ కింద పెట్టి లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు తెచ్చి, తల వంచి నా చేతికిచ్చింది. మంచం మీద పక్కకు జరిగి చోటు చూపించాను.

“కూర్చో బిడ్డా,” అన్నాను.

“పర్లేదు మేడం,” అని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.