టేపు సారు

సీతారాంరావు గారు కొలవనిదే దేన్నీ నమ్మరు. కొండగట్టు అంజన్న స్వయంగా ఎదురొచ్చి నిలబడ్డా, ముందు టేపు తీసి తోక పొడవు చూసుకుని, ఆ తర్వాతే దండం పెట్టే మనిషి. తోలు డబ్బీలో చుట్టుకుని ఉండే ఆ యాభై అడుగుల టేపు ఆయన లాల్చీ కుడి జేబులో ఉండేది. దాని బరువుకు లాల్చీ ఎప్పుడూ కుడివైపుకే వేలాడేది. ఎడమ జేబులో నోటుబుక్కు. కొలిచింది ఏదైనా సరే, అందులోకి ఎక్కవలసిందే.

పందొమ్మిదివందల అరవైరెండు ఎండాకాలంలో ఆయన పట్నం యూనివర్సిటీ నుంచి పదహారుమంది విద్యార్థులను వెంటేసుకుని నర్సక్కపల్లెలో బస్సు దిగారు. కూలి చేసుకునేవాళ్ళకు, ఆడవాళ్ళకు పనులు నేర్పించాలని యూనివర్సిటీవాళ్ళు పెట్టిన సేవా శిబిరమది. సర్పంచి కొండల్‌రావు దొర పూలదండ పట్టుకుని ఎదురొచ్చాడు. దండ దొర చేతుల్లోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ఐలవ్వ అనే ముసలామె కొండగట్టుకు పోదామని అదే బస్సు ఎక్కబోయింది. మెట్టు అందలేదు. ఇద్దరు మగవాళ్ళు కింది నుంచి ఎత్తి, బియ్యం బస్తాను తోసినట్టు లోపలికి తోశారు. అది చూడగానే సీతారాంరావు గారు దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుని, నేల నుంచి బస్సు మెట్టు దాకా టేపు పట్టి, "పద్దెనిమిదిన్నర" అని రాసుకున్నారు. బస్సు వెళ్ళిపోయాకే దండ వేయించుకున్నారు. దండను కూడా కొలిచాడని కొండల్‌రావు తర్వాత చాలాకాలం చెప్పుకు తిరిగాడు గాని, దానికి సాక్ష్యం లేదు.

ఆ సాయంత్రం ఐలవ్వ ఇంటికొచ్చి, ఎవరో పిచ్చాయన రోడ్డు మీద కూలబడి బస్సుకు కొలతలు తీస్తున్నాడని కోడలు చంద్రవ్వకు చెప్పింది. బస్సుకు లాగు కుట్టిస్తాడేమోనని చంద్రవ్వ నవ్వింది. రెండు రోజులు తిరిగేసరికి ఊరంతా ఆయనకు టేపు సారు అని పేరు పెట్టేసింది.

పేరు ఊరికే రాలేదు. ఆయన బావిగట్టు ఎత్తు కొలిచారు. బడిపిల్లల బల్లలు కొలిచారు. ఒకనాడు పంచాయతీ కూటంలో కొండల్‌రావు మీసం మెలేస్తూ ఉపన్యసిస్తుంటే, నెమ్మదిగా లేచి వెళ్ళి ఆ మీసాన్నీ కొలిచి, ఎడమది పావంగుళం ఎక్కువుందని అందరి ముందూ చెప్పి వచ్చి కూర్చున్నారు. దొరకు ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారగానే మంగలిని పిలిపించి ఎడమ మీసం కత్తిరింపించాడు. అప్పుడు కుడిది పెద్దదైంది. దాన్ని కత్తిరిస్తే ఎడమది పెద్దదైంది. అయిదు రోజులు ఈ సవరణలు జరిగేసరికి, తాతల నాటి ఆ మీసం కాస్తా ముక్కు కింద వాలిన ఈగంత మిగిలింది. అప్పట్నుంచి శిబిరం మాటెత్తితే చాలు, దొర చెయ్యి పై పెదవి మీదికి పోయేది.

ఇక చంద్రవ్వ సంగతి. ఆమె పదిహేనేళ్ళుగా రాజయ్య మేస్త్రి దగ్గర సున్నం గంపలు మోస్తోంది. గోడ ఎక్కడ వంకర పోతుందో మేస్త్రి కంటే ముందు ఆమెకే తెలిసేది. చెప్తే మాత్రం వినేవాడెవడు? తాపీ పట్టాలని, తన చేత్తో ఒక్క గోడైనా లేపాలని ఆమె కోరిక. ఒకసారి రాజయ్య అన్నానికి పోయినప్పుడు నాలుగిటుకలు పేర్చింది. ఆయన వచ్చి చూసి కాలితో తన్నేశాడు. ఆడదాని చెయ్యి తాకిన గోడ వానకు ఆగదన్నాడు. ఎన్నేళ్ళు మోసినా ఆడవాళ్ళకు గంపలే, ఎన్నేళ్ళు మోసినా సగం కూలే.

అలాంటిది, శిబిరంలో ఆడవాళ్ళకు గోడలు కట్టే పని నేర్పిస్తామని దండోరా వేస్తే చంద్రవ్వ అందరికంటే ముందుపోయి నిలబడింది. ఆమె వెనక లింగవ్వ, మరో నలుగురు. నేర్పించే గురువెవరయ్యా అంటే రాజయ్యే. చుట్టుపక్కల ఇంకో మేస్త్రి దొరకలేదు మరి. యూనివర్సిటీవాళ్ళు జీతమిస్తామన్నారు కాబట్టి ఒప్పుకున్నాడు గాని, మొహం అటు తిప్పుకునే పాఠం చెప్పేవాడు. తన పాత తాపీలు ఆరు వాళ్ళ ముందు పడేశాడు. అవి ఒక్కొక్కటీ రాజయ్య అరచేతికి తగ్గట్టు మొద్దు పిడులతో ఉండేవి. ఆడవాళ్ళ చేతుల్లో తిరిగిపోయేవి. పిడులకు గుడ్డపేలికలు చుట్టుకున్నా బొబ్బలెక్కాయి. బొబ్బలను చూపిస్తే రాజయ్య నవ్వుతాడని ఎవరూ నోరు విప్పలేదు.

సీతారాంరావు గారు ఒకనాడు వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా ఆరుగురి చేతులూ కొలవడం మొదలుపెట్టారు. అరచేయి వెడల్పు, పిడికిలి చుట్టుకొలత, మోచేతి నుంచి వేలి కొస దాకా పొడవు. పనిలో పనిగా రాజయ్య చేతిని కూడా కొలిచారు. లింగవ్వ ఉండబట్టలేక అడిగింది.

"చేతులెందుకు సారూ, గాజులు తెప్పిస్తుండ్రా?"

"చూద్దాం" అన్నారాయన, రాసుకుంటూ.

ఇంకేముంది, యూనివర్సిటీ నుంచి గాజులు వస్తున్నాయని ఊరంతా పాకింది. లింగవ్వ ఆకుపచ్చవి కావాలని చెప్పి పంపింది. ఎవరి పెళ్ళికో దాచుకున్న పాత గాజులను చెల్లెలికి ఇచ్చేసింది కూడా.

ఈలోగా బడికి కొత్త గది కట్టాలని సమితి ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ గది మాకివ్వండని చంద్రవ్వ వాళ్ళు అడిగారు. కొండల్‌రావు దొర పై పెదవి తడుముకుని తీర్పు చెప్పాడు. పడమటి గోడ రాజయ్య, తూర్పు గోడ ఆడవాళ్ళు కట్టాలి. దూలం ఎత్తే నాటికి రెండూ సమంగా ఉంటే ఆ ఆరుగురూ మేస్త్రీలే, మేస్త్రి కూలే. తేడా వస్తే ఇక ఈ ఊళ్ళో తాపీ మాట ఎత్తకూడదు, గంపలే. పైగా ఒకరిని చూసి ఒకరు కట్టకుండా నడుమ తాటాకు తడక కట్టించాడు. చంద్రవ్వ ఒప్పుకుంది. ఇది పోతే మళ్ళీ అవకాశం రాదని ఆమెకు తెలుసు.

గోడ పదడుగుల ఎత్తుండాలని చెప్పి, సీతారాంరావు గారు పనుందంటూ కరీంనగర్ వెళ్ళిపోయారు. టేపు ఆయనతోనే పోయింది. జేబులో టేపు లేకపోతే ఆయనకు నడక రాదు. ఆ ఊళ్ళో అడుగుల లెక్క ఎవరికి కావాలి? పదడుగులంటే ఆరున్నర మూరలని రాజయ్య తేల్చాడు. తరతరాలుగా అంతే. తడకకు అటు ఆయన తన చేత్తో ఆరున్నర మూరలు కొలుచుకున్నాడు, ఇటు చంద్రవ్వ తన చేత్తో ఆరున్నర మూరలు కొలుచుకుంది.

అయిదో రోజు దూలం ఎత్తారు. సమితి ఆఫీసరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఊరు ఊరంతా వచ్చింది. తడక తీసేసి, దూలాన్ని రెండు గోడల మీదా పెట్టి, పసుపు రాసి, ఆనవాయితీగా నడుమ ఒక నిమ్మకాయ పెట్టారు. నిమ్మకాయ ఒక్క క్షణం ఆగింది. తర్వాత తూర్పు వైపుకు దొర్లుకుంటూ పోయి, ఆడవాళ్ళ గోడ దాటి, కింద నిలబడ్డ లింగవ్వ నెత్తిన పడింది.

జనం గొల్లుమన్నారు. కొండల్‌రావు ఎన్నాళ్ళకో మనసారా నవ్వాడు. చంద్రవ్వ గోడ వంక ఒకసారి చూసి, పక్కనున్న ఖాళీ గంప తీసి నెత్తి మీద పెట్టుకుంది. పదిహేనేళ్ళుగా ఉన్న చోటే కదా, అక్కడికే పోయింది.

అదిగో, అప్పుడు వచ్చారు సీతారాంరావు గారు. బస్సు దిగి, చంకలో గోనెపట్టా మూటతో, కుడివైపుకు వేలాడే లాల్చీతో. వాలిన దూలాన్ని చూశారు. గంపను చూశారు. మూట కింద పెట్టి టేపు తీశారు.

"చంద్రవ్వా, గంప దింపు. చెయ్యి చాపు."

మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచారు. పదహారున్నర అంగుళాలు. రాజయ్య చెయ్యి కొలిచారు. పద్దెనిమిదిన్నర. మూరకు రెండంగుళాల చొప్పున ఆరున్నర మూరలకు తేడా ఎంతని విద్యార్థులను అడిగితే పదమూడని చెప్పారు. ఆయన నిచ్చెనెక్కి రెండు గోడలూ కొలిచారు. తేడా అచ్చంగా పదమూడంగుళాలు. అంత గుంపులోనూ ఆయనొక్కరి మొహమే వెలిగిపోయింది. పరువు పోయిందని ఒకవైపు ఆడవాళ్ళు ఏడవబోతుంటే, లెక్క సరిపోయిందని మరోవైపు ఆయన మురిసిపోతున్నారు.

"గోడ తప్పు కాదు, మూర తప్పు" అన్నారు. "ఆ మాటకొస్తే టేపు పట్టుకుపోయిన నాదే తప్పు."

"పొట్టి గోడ పొట్టి గోడే గద సారూ" అన్నాడు కొండల్‌రావు. అందరూ రాజయ్య వైపు చూశారు. ఊళ్ళో గోడల గురించి చివరి మాట ఆయనదే.

రాజయ్య గోడ నిటారుగా ఉందో లేదో చూసే, దారానికి కట్టిన తన ఇనుపగుండు తీశాడు. తూర్పు గోడకు ఆనించి వేలాడదీశాడు. ఈ కొసన, ఆ కొసన, నడుమ. ప్రతిచోటా దారం గోడను వెంట్రుక దూరంలో తాకీ తాకనట్టు దిగింది. ఆ తర్వాత పడమటి గోడ దగ్గరికి, తన గోడ దగ్గరికి మాత్రం పోకుండా, దారం చుట్టి మొలలో పెట్టుకున్నాడు.

"పొట్టి గోడను పెంచుకోవచ్చు దొరా. నాలుగు వరుసలు పెడితే సాలు. గింత సక్కటి గోడను కూలగొడితే మల్ల నాతోటి గూడ కాదు" అన్నాడు. అని, చంద్రవ్వ చేతిలోని గంప తానే అందుకుని సున్నం తేవడానికి పోయాడు. రాజయ్య మేస్త్రి గంప మోయడం నర్సక్కపల్లె మొదటిసారి చూసింది. ఆఫీసరు కూడా కుర్చీలోంచి లేచాడు.

సీతారాంరావు గారు గోనెమూట విప్పారు. అందులో ఆరు కొత్త తాపీలున్నాయి. చిన్నవి, తేలికవి, సన్నటి పిడులవి. ఒక్కో పిడి మీదా ఒక్కో పేరు చెక్కించి ఉంది. కరీంనగర్‌లో కమ్మరి కొలిమి పక్కన అయిదు రోజులు కూర్చుని, నోటుబుక్కు చూసుకుంటూ చేయించారట. చంద్రవ్వ తన తాపీ పట్టుకుని చూసింది. అది చేతిలో తిరగలేదు. పిడికిలి మూస్తే సరిగ్గా సరిపోయింది. ఆమెకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, రెంటికీ టైము లేక గోడెక్కింది.

"గాజులనుకున్నం సారూ" అంది లింగవ్వ, నిమ్మకాయ తగిలిన చోట రాసుకుంటూ.

"గాజుల కొలతా ఉంది" అన్నారాయన. "పద్నాలుగో పేజీ."

దూలం దింపించి, పొద్దుగూకే లోపల నాలుగు వరుసలూ పెట్టేశారు. ఈసారి నిమ్మకాయ కదల్లేదు. కొండల్‌రావు అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి వంగి చూసి, ఇచ్చిన మాట ప్రకారం ఆరుగురి పేర్లూ మేస్త్రీలుగా రాయించాడు. మాట తప్పేవాడు కాదు, మీసం ఎంతున్నా.

శిబిరం ముగిసే ముందు రోజు సీతారాంరావు గారు టేపు తీసి చంద్రవ్వ చేతిలో పెట్టారు. ఇక మూరలు వద్దన్నారు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, సారు ఏమీ అనుకోకపోతే ముందు ఆయన చెయ్యే కొలుస్తానంది. తన రోగం తనకే అంటించిందని నవ్వుకుంటూ ఆయన అరచేయి చాపారు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా పట్టి చూసి, పెదవులు కదిపి లెక్కేసుకుని, ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన బస్సు వచ్చే చోటికి పోతే, రోడ్డు పక్కన అంతకుముందు లేని మెట్టు ఒకటి ఉంది. ఇటుకలతో కట్టి, సున్నంతో నున్నగా పూసిన మెట్టు. దాని పక్కన ఆరుగురు ఆడవాళ్ళు, నడుమ ఐలవ్వ. మెట్టు తగ్గించండని సీతారాంరావు గారు బస్సులవాళ్ళకు నాలుగు ఉత్తరాలు రాశారని, ఒక్కదానికీ జవాబు రాలేదని విద్యార్థులు అప్పటికే చంద్రవ్వ చెవిన వేశారు.

ఆయన చెయ్యి అలవాటుగా కుడి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. ఒక నిమిషం అటూ ఇటూ చూసి, మొదటి రోజు లాగే మోకాళ్ళ మీద కూర్చుని, జాన వేసి మెట్టు ఎత్తు కొలిచారు. సరిగ్గా ఒక్క జాన. ఇసుమంత ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"తొమ్మిదింబావు" అంది చంద్రవ్వ. "పద్దెనిమిదిన్నరల సగం. టేపు మాకిచ్చినంక మీరు దేంతోటి చూసుకుంటరని, మీ జానకే కట్టినం సారూ."

సీతారాంరావు గారు కండువాతో కళ్ళు తుడుచుకుని, సున్నం ఘాటు అన్నారు. సున్నం తెల్లారేసరికే ఆరిపోయింది.

బస్సు వచ్చింది. వచ్చి, మెట్టు దాటిపోయి ఆగింది. సీతారాంరావు గారు వెంటనే మళ్ళీ కూర్చుని, మెట్టు నుంచి బస్సు దాకా రోడ్డు మీద జానలు వేసుకుంటూ పోయి, "ఆరు జానలు వెనక్కి" అన్నారు. డ్రైవరు నవ్వి ఊరుకున్నాడు. చంద్రవ్వ పోయి బస్సు వెనక నిలబడి, తాపీ పట్టుకున్న చెయ్యి ఊపింది. నర్సక్కపల్లె మొత్తం వచ్చి ఆమె వెనక నిలబడింది, ఈగంత మీసంతో సహా. డ్రైవరు బస్సు వెనక్కి తీశాడు.

ముందు ఐలవ్వ ఎక్కింది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ తొయ్యలేదు. ఎక్కి కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి, కింద ఇంకా మెట్టు దగ్గరే జాన పట్టుకు కూర్చున్నాయనను చూసి కోడలితో అంది.

"గా పిచ్చాయనను ఎక్కమను బిడ్డా, బస్సు పోతది."