కరుణ తెల్లబూట్లు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. బస్ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేశాను. ఘాట్ రోడ్డులో స్టీరింగ్ దానంతటదే తిరిగిందని డ్రైవర్లు వణుక్కుంటూ వచ్చి చెబితే, బండి కిందికి దూరి అరిగిపోయిన బుష్షు ఒకటి తీసి వాళ్ల చేతిలో పెట్టేవాణ్ణి. "ఇగో నీ దయ్యం, జేబుల పెట్టుకో" అనేవాణ్ణి. ఏది చెడినా దానికో కారణం ఉంటుంది, వెతికే ఓపిక ఉండాలి, అంతే. ఈ ఒక్క విషయంలో మాత్రం వెతికి వెతికి నా ఓపిక అయిపోయింది.

అప్పట్లో మేం ఫలక్‌నుమా స్టేషన్ వెనక ఉండేవాళ్లం. నేను, నా భార్య మార్త, మా ఒక్కగానొక్క బిడ్డ కరుణ. కరుణకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. కుడికాలికి మూడో నంబరు బూటు పడితే ఎడమకాలికి ఒకటో నంబరు. ఆ కాలు పొడుగూ తక్కువే. అందుకని ఆస్పత్రి చెప్పులాయన నల్లబూట్లు కుట్టి, ఎడమ బూటు అడుగున కార్కు ముక్క అతికించి ఇచ్చేవాడు. రోజంతా, బడికైనా చర్చికైనా, ఆ బరువు బూట్లే.

మామూలు బూట్లు కావాలంటే రెండు జతలు కొనాలి. దీంట్లో ఒకటి, దాంట్లో ఒకటి ఉంచుకుని మిగతావి పారేయాలి. ఒకసారి పండగకు దుకాణానికి తీసుకెళ్తే, అక్కడివాడు "పాప కాలుకేమైంది సార్?" అని గట్టిగా అడిగాడు. బేరాలాడుతున్న వాళ్లంతా బేరాలు ఆపి చూశారు. పిల్ల కాలు గౌను కిందికి లాక్కుంది. ఇంటికొచ్చాక, "ఇంకెప్పుడూ దుకాణానికి రాను డాడీ" అంది.

మరుసటేడు, రెండువేల ఆరో ఏడో, క్రిస్మస్ నాడు చర్చిలో అందరి ముందు నిలబడి బైబిలు వాక్యం చెప్పడానికి కరుణను ఎంచుకున్నారు. తెల్లగౌను కుట్టించాం. దాని కింద నల్లబూట్లు వేసుకోనని, తెల్లబూట్లు లేకపోతే అసలు చర్చికే రానని కూర్చుంది. దుకాణానికేమో రాదు.

అదే సమయంలో మా గల్లీ మొదట్లో గౌస్ భాయ్ తన ఎస్టీడీ బూత్ తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. నా ఈడువాడే, మంచి మనిషి. నాకు ఈమెయిలు తెరిచి పెట్టింది ఆయనే. దాంట్లోకి ఒక ప్రకటన వచ్చింది. క్రిస్మస్‌కు పిల్లల బూట్లు సగం ధరకే, ఇంటికే పంపిస్తాం అని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. రెండు జతలు తెప్పించి, ఎడమదానికి కార్కు వేయిస్తే సరిపోతుంది.

డ్యూటీ దిగి నేరుగా గౌస్ భాయ్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఫారం నింపడం మొదలుపెట్టాను. సర్కారు నౌకరీ చేసేవాళ్లకు ఒక రోగం ఉంటుంది. ఫారంలో ఏ గడీ ఖాళీ వదలం. వదిలితే తిప్పి పంపుతారు, ఇంకో నెల తిరగాలి. కార్డు నంబరు, వెనకాల ఉన్న మూడంకెలు, పుట్టినరోజు, అమ్మ పేరు, అన్నీ ఒక్కో వేలితో కొట్టాను. చివర్లో ఏటీఎం పిన్ అడిగింది.

గౌస్ భాయ్ నా వెనక నుంచి చూసి, "అన్నా, పిన్ నంబర్ వానికెందుకు? ముఝే ఠీక్ నై లగ్‌రా. నక్కో డాలో, కొట్టకు" అన్నాడు.

"ఖాళీ ఇడిస్తే రిజెక్ట్ అయితది భాయ్" అన్నాను. అది కూడా కొట్టాను. బుద్ధి గడ్డి తిన్నది.

మూడో రోజుకల్లా ఖాతా ఊడ్చిపెట్టుకుపోయింది. బ్యాంకువాళ్లు పోలీసు దగ్గరికి పొమ్మన్నారు. పోలీసులు వారం తిప్పించుకుని, అట్లాంటి కంపెనీయే లేదని, వాళ్లిచ్చిన అడ్రసు ఎక్కడా లేదని కాగితం రాసిచ్చారు. గౌస్ భాయ్ కంప్యూటర్లో చూస్తే ఆ సైటు కూడా లేదు. ఇంట్లో పండగ సామాను అప్పు మీద వచ్చింది. కరుణకు మాత్రం ఏమీ చెప్పలేదు. బూట్లు వచ్చినయా అని పొద్దుకోసారి అడిగేది. వస్తున్నయి బిడ్డా అనేవాణ్ణి.

క్రిస్మస్ ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం మా మామూలు పోస్ట్‌మ్యాన్ ఒక పార్శిలు తెచ్చాడు. పైన నా పేరు, మా ఇంటి నంబరు ఉన్నాయి. పంపినవాళ్ల పేరు లేదు. ముద్ర అలుక్కుపోయి ఊరు తెలియలేదు.

విప్పితే తెల్లబూట్లు. రెండు జతలు కావు, ఒక్కటే జత. కుడిది మూడో నంబరు, ఎడమది ఒకటో నంబరు. ఎడమదాని అడుగున కార్కు, దాని మీద తెల్లతోలు కుట్టు కనబడకుండా తొడిగి ఉంది.

నేను ఆ ఫారంలో రెండు నంబర్లు రాశాను, నిజమే. ఏ కాలికి ఏది అని రాయలేదు. కాలు పొడుగు తక్కువని రాయలేదు. నా బతుకంతా అడిగిన ఆ ఫారం ఈ రెండూ అడగలేదు.

నా పనిముట్ల డబ్బాలోంచి వెర్నియర్ స్కేలు తీసి కొలిచాను. పాత నల్లబూటు కార్కు ఎత్తు పద్నాలుగు మిల్లీమీటర్లు. కొత్తది పదహారు. నవంబరులో డాక్టరు చూసి, పిల్ల పెరుగుతోంది, ఇకపై పదహారు పెట్టించమన్నాడు. పండగ అయ్యాక చేయిద్దాంలే అని ఆ చీటీ బీరువాలో పెట్టాం. ఇంకా ఎవరికీ చూపించలేదు.

"ఏసుకోనియ్యకు. ఎవడు పంపిండో, ఎందుకు పంపిండో" అంది మార్త.

అప్పటికే కరుణ బడి నుంచి వచ్చేసింది. బూట్లు చూసి సంచి అక్కడే పడేసి తొడుక్కుంది. తలుపు దగ్గర నుంచి వంటింటి దాకా నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. పిల్ల ఒక పక్కకు ఒరగలేదు. పోలియో వచ్చాక దాన్ని అట్లా నిటారుగా నడవగా చూడటం అదే మొదటిసారి.

"ఎట్లున్న డాడీ?" అంది.

మార్త గోడవైపు తిరిగి ఏడ్చింది. చర్చిలో కరుణ వాక్యం చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఒక్క మాటా వినలేదు, ఆ బూట్లనే చూస్తూ కూర్చున్నాను.

పండగయ్యాక అందరినీ అడిగాను. పాస్టరుగారు మాకు తెలియదన్నారు. గౌస్ భాయ్ ఖురాన్ మీద ఒట్టేశాడు. ఆస్పత్రి చెప్పులాయన బూటును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా చెయ్యి గాదు సార్. ఎవలు కుట్టిండ్రో చెప్పు, పోయి నేర్చుకుంట" అన్నాడు. పోలీసాయన నవ్వి, డబ్బు కొట్టేసినవాడు సరుకు పంపడు, మీవాళ్లెవరో చేసి ఉంటారు అన్నాడు. మావాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు పండగలొస్తే తెలిసినవాళ్లందరి ప్రాణాలూ తోడేస్తాను. సగం ధర అంటే ఉరకొద్దు, పిన్ ఎవడడిగినా చెప్పొద్దు, అడిగిందల్లా నింపొద్దు అని. ముసలాడి లొల్లి అని నవ్వుతారు, నవ్వనీ. పోయిన డబ్బు గురించే చెబుతాను. వచ్చిన పార్శిలు గురించి చెప్పను. దొంగ పంపాడో, దేవుడు పంపాడో, నా బిడ్డ కాలు ఎవడు చూశాడో, ఏమని చెప్పాలి?

కరుణకు ఇప్పుడు ఉద్యోగం. అన్నీ ఫోన్లోనే కొంటుంది. మొన్న క్రిస్మస్ ముందు కూడా నా పక్కన కూర్చుని, "ఆ షాపు పేరు జర యాది చేసుకో డాడీ. అసుంటి బూట్లు మళ్ల యాడ దొరకలే. నా కాలు చూసినట్టే కుట్టిండ్రు" అంది.

"మర్చిపోయిన బిడ్డా" అన్నాను. అట్లాంటి షాపే లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.